అల్‌హంబ్రాలో సాయంత్రం: ఏ నెల, ఏ టికెట్, ఏ వెలుగు

దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడాలో, సబీకా గుట్ట మీద ఉన్న అల్‌హంబ్రా కోటకు ఇటీవల ఏడాదికి 25 లక్షల మందికి పైగా వస్తున్నారు. యూరప్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు స్పెయిన్ వెళ్తే చూసే వాటిలో ఇదీ ఒకటి. "ఎండ తగ్గాక, సాయంత్రం వెళ్లండి" అని వాళ్లకు చాలామంది చెబుతుంటారు. ఆ మాట నమ్మి జూన్‌లో మామూలు టికెట్ కొన్నవాళ్లకు అక్కడ అసలు సాయంత్రమే కనిపించదు. అక్టోబరులో వెళ్లినవాళ్లకు అదే టికెట్‌తో సూర్యాస్తమయం దొరుకుతుంది. ఈ తేడా ఎందుకొస్తుందో, సాయంత్రం పూట ఆ రాజప్రాసాదంలో ఏ గోడ మీద వెలుగు ఉంటుందో, తోటల్లో పారే నీరు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం.

క్లుప్తంగా

వేసవిలో పగటి టికెట్ గడువు సూర్యాస్తమయానికి గంటన్నర ముందే ముగుస్తుంది. తోటల్లో నిలబడి పొద్దు వాలడం చూడాలంటే అక్టోబరు మొదటి రెండు వారాలు, లేదా డిసెంబరు అనువైనవి. మునిమాపు వెలుగులో ప్రాసాదం చూడాలంటే జూన్‌లో, జులై మొదటి సగంలో రాత్రి టికెట్ కొనాలి. కోటలో నస్రిద్ ప్రాసాదాలు, అంటే గ్రనాడాను ఏలిన నస్రిద్ సుల్తానుల మహళ్లు ఉన్నాయి. వాటి ప్రవేశ సమయం ముందే ఖరారై ఉంటుంది కాబట్టి మిగతా నడకంతా దాని చుట్టూ అల్లుకోవాలి.

గడియారానికీ సూర్యుడికీ పొంతన ఎందుకు లేదు

గ్రనాడా లండన్ కంటే పడమరగా, 3.6 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. అయినా గడియారం మాత్రం బెర్లిన్, పారిస్‌లతో పాటు నడుస్తుంది. వేసవిలో ఇంకో గంట ముందుకు జరుపుతారు. అందువల్ల జూన్‌లో అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో మధ్యాహ్నం 2:15 దాటుతుంది. సూర్యాస్తమయం రాత్రి 9:35 ప్రాంతంలో అవుతుంది.

ఇప్పుడు సందర్శన వేళలు చూడాలి. ఇటీవలి పట్టిక ప్రకారం ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 14 వరకు పగటి వేళలు ఉదయం 8:30 నుంచి రాత్రి 8 వరకు. అక్టోబరు 15 నుంచి మార్చి 31 వరకు సాయంత్రం 6 వరకే. జూన్ 21న రాత్రి 8 గంటలకు, అంటే తలుపులు మూసే వేళకు, సూర్యుడు ఇంకా దిగ్మండలానికి 17 డిగ్రీల పైన ఉంటాడు. ఆ ఎండ మన దగ్గర సాయంత్రం నాలుగున్నర, అయిదు గంటల ఎండలా ఉంటుంది. జులైలో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 34 డిగ్రీల దరిదాపుల్లో ఉండే ఊరిది. కాబట్టి వేసవిలో "సాయంత్రం 6 గంటల స్లాట్" అంటే చల్లని వేళ అనుకోవడానికి లేదు.

ఏప్రిల్ మొదట్లో సూర్యాస్తమయం 8:35కి అవుతుంది కాబట్టి అప్పుడూ అరగంట తేడాతో తప్పిపోతుంది. అక్టోబరు 1న సరిగ్గా 8 గంటల ప్రాంతంలో, అక్టోబరు 14న 7:40కి పొద్దు వాలుతుంది. ఆ రెండు వారాలే పగటి టికెట్‌కు, అస్తమయానికి కుదిరే కాలం. మర్నాటి నుంచి శీతకాలపు వేళలు మొదలై 6కే మూసేస్తారు కాబట్టి మళ్లీ తప్పిపోతుంది. డిసెంబరులో సూర్యాస్తమయం 6 గంటలకే అవుతుంది. అప్పుడు మూసే వేళా, పొద్దు వాలే వేళా ఒకటవుతాయి.

రాత్రి సందర్శనకు వేరే టికెట్ ఉంటుంది. వేసవి పట్టికలో నస్రిద్ ప్రాసాదాలను మంగళవారం నుంచి శనివారం వరకు రాత్రి 10 నుంచి 11:30 దాకా తెరుస్తారు. శీతకాలంలో శుక్ర, శనివారాల్లో మాత్రమే, 8 నుంచి 9:30 దాకా. జూన్‌లో రాత్రి 10 అంటే పొద్దు వాలి అరగంటే అయి ఉంటుంది. ఆకాశం ఇంకా ముదురు నీలంలో ఉంటుంది, 10:40 దాకా ఆ నీలం పూర్తిగా పోదు. జులై మధ్య తర్వాత ఈ అవకాశం తగ్గుతూ పోతుంది. సెప్టెంబరులో 10 గంటలకు వెళ్తే కనిపించేది పూర్తి చీకటి, దీపాల వెలుగు.

కోటకు తూర్పున సుల్తానుల వేసవి విడిది అయిన హెనెరాలిఫే తోటల రాత్రి సందర్శన ఏప్రిల్, మే నెలల్లోనూ, సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య వరకూ ఉంటుంది. నడి వేసవిలో ఉండదు. ఆ కాలంలో గ్రనాడా సంగీత, నృత్యోత్సవాల ప్రదర్శనలు హెనెరాలిఫే ఆరుబయలు రంగస్థలం మీద జరుగుతుంటాయి. ఈ వేళలు మారుతూ ఉంటాయి. తేదీ ఖాయం చేసుకునే ముందు కోట నిర్వహణ సంస్థ అధికారిక సైట్‌లో చూసుకోవడం తప్పనిసరి.

పొద్దు వాలే వేళ వెలుగు ఎటు పడుతుంది

జూన్‌లో సూర్యుడు అస్తమించేది నేరు పడమరన కాదు, అక్కడి నుంచి ఉత్తరానికి 30 డిగ్రీలు జరిగి. డిసెంబరులో అంతే కోణంలో దక్షిణానికి జరుగుతాడు. అల్‌హంబ్రా గోడలు ఎటు తిరిగి ఉన్నాయో తెలిస్తే, ఏ కాలంలో ఏ గోడ మెరుస్తుందో దీన్ని బట్టి చెప్పేయవచ్చు.

దారో నది లోయకు అవతల, అల్బైసిన్ పేటలోని సాన్ నికొలాస్ మెట్ట మీద నిలబడితే కనిపించేవి కోట ఉత్తరపు గోడలు. వేసవిలో వాయవ్యం నుంచి వచ్చే చివరి ఎండ ఆ గోడల మీద పడుతుంది. సున్నం కలిపిన ఎర్రమట్టిని చెక్క పెట్టెల్లో పోసి, దిమ్మిసలతో దట్టించి కట్టిన గోడలవి. ఆ మట్టి రంగుకు పొద్దువాటారపు ఎండ తోడైతే గోడలు కుంకుమ రంగుకు తిరుగుతాయి. ఫొటోల్లో చూసి అందరూ కోరుకునే దృశ్యం ఇదే. డిసెంబరులో అదే మెట్ట మీదికి వెళ్తే సూర్యుడు నైరుతిలో ఉంటాడు. ఉత్తరపు గోడలు నీడలో ఉండి, కోట పడమటి కొసన ఉన్న ఆల్కసాబా, అంటే సైనిక దుర్గం, బురుజుల అంచులే వెలుగుతాయి. అప్పుడు వెనక సియెర్రా నెవాడా కొండల మీది మంచు ఆ లోటు తీరుస్తుంది.

హెనెరాలిఫే తోటల నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. అక్కడి నుంచి కోట పడమటి దిక్కున ఉంటుంది కాబట్టి పొద్దు వాలే వేళ సూర్యుడు దాని వెనక్కి చేరుతాడు. బురుజులు నల్లని ఆకారాలుగా మిగులుతాయి. ఎర్రని గోడలు కావాలంటే సాన్ నికొలాస్, ఆకాశం మీద కోట రూపురేఖ కావాలంటే హెనెరాలిఫే. ఒకే సాయంత్రం రెండూ దొరకవు.

లోపల, నస్రిద్ ప్రాసాదాల్లో ఒకటైన కొమారెస్ ప్రాసాదంలో మర్టిల్ పొదల ప్రాంగణం ఉంది. నడుమ ఆకాశానికి తెరిచి, నాలుగు వైపులా గదులు లోపలికి తిరిగి ఉండే మన మండువా లోగిలి తెలిసినవాళ్లకు ఆ కట్టడపు తీరు వెంటనే బోధపడుతుంది. మధ్యలోని కొలను పొడవు సుమారు 34 మీటర్లు, వెడల్పు 7 మీటర్లకు కాస్త ఎక్కువ. అది దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. ఉత్తరపు కొసన కొమారెస్ బురుజు, బయటి నుంచి 45 మీటర్ల ఎత్తు.

దక్షిణపు కొసన నిలబడి నీళ్లలోకి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఎదుటి మండపపు కమానులు నీళ్లలో గట్టిగా కనిపిస్తాయి, బురుజు పైభాగం పలచగా కనిపిస్తుంది. నీటిని నిటారుగా చూస్తే అది వెలుతురులో 2 శాతమే తిప్పి పంపుతుంది. చూపు నీటికి ఎంత వాలుగా ఉంటే అంత ఎక్కువ పంపుతుంది. దూరాన ఉన్న మండపం ఎత్తు తక్కువ కాబట్టి దాని వెలుతురు నీటిని 10, 15 డిగ్రీల వాలుతో తాకి, ఇంచుమించు నాలుగో వంతు కళ్లకు చేరుతుంది. బురుజు పైభాగం నుంచి వచ్చే వెలుతురు నిటారుగా పడి, అయిదారు శాతానికి మించి తిరిగి రాదు. ఆ లోటు తీరాలంటే బురుజు మీద ఎండ ఉండాలి, కొలను నీడలో ఉండాలి. బురుజు ముఖం దక్షిణానికి తిరిగి ఉంది కాబట్టి శీతకాలపు నైరుతి ఎండ చివరిదాకా దాన్ని తాకుతుంది. వేసవి సాయంత్రం సూర్యుడు ఉత్తరానికి జరిగిపోవడంతో ఆ ముఖం ముందే నీడలో పడుతుంది. కొలనులో బురుజును చూడటానికి డిసెంబరు, జనవరి సాయంత్రాలు మేలు అనడానికి కారణం ఇదే.

ఆరు కిలోమీటర్ల కాలువ

గుట్ట మీద ఊట లేదు. నది అడుగున, లోయలో పారుతుంది. నస్రిద్ వంశ స్థాపకుడు మొదటి ముహమ్మద్ 1238లో గ్రనాడాలో అధికారం చేపట్టాక, గుట్ట మీద కోటతో పాటు కాలువ పని కూడా పెట్టించాడు. కాలువ లేకపోతే కోట నిలవదు. దారో నదికి ఎగువన, సుమారు 6 కిలోమీటర్ల దూరంలో అడ్డుకట్ట వేసి, నది కంటే చాలా తక్కువ వాలుతో కొండ పక్కనే కాలువ తవ్వారు. నది కిందికి దిగిపోతూ ఉంటుంది, కాలువ ఎత్తు నిలుపుకుంటూ వస్తుంది. కోట దగ్గరికి వచ్చేసరికి రెంటికీ మధ్య ఏర్పడిన ఎత్తు తేడాయే ఈ ఏర్పాటు మొత్తానికి పెట్టుబడి. రాజ కాలువ అని పేరున్న ఆ నీరు ముందు హెనెరాలిఫే తోటలను తడిపి, ఆ తర్వాత నీటి బురుజు దగ్గర వంతెన కాలువ మీదుగా కోటలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి తూర్పు నుంచి పడమరకు దిగుతూ ఇళ్లకు, స్నానశాలలకు, ప్రాసాదాలకు పంపకమవుతుంది.

కాలువ మట్టానికి పైన ఉన్న తోటలకు నీరెలా? అందుకు లోతైన బావి తవ్వి, కాలువ నీరు అందులోకి మళ్లించి, పశువులు తిప్పే చక్రంతో పైనున్న తొట్టికి తోడేవారు. తర్వాతి కాలంలో కాలువకు ఎగువన ఒక పాయను చీల్చి ఎత్తు మీదుగా తెచ్చారు. ఎత్తిపోతల ఖర్చు తప్పింది.

ఈ నీటి ఏర్పాటులో మెచ్చుకోవలసింది హోరు కాదు, అదుపు. మర్టిల్ ప్రాంగణపు కొలనులోకి నీరు రెండు కొసల్లో నేల మట్టాన ఉన్న గుండ్రని పాలరాతి పళ్లేల నుంచి వస్తుంది. పళ్లెం మధ్య చిన్న ఊట. అక్కడి నుంచి కురచ కాలువ గుండా జారి కొలనులో కలుస్తుంది. దారిలోనే నీటి ఉరవడి చచ్చిపోతుంది కాబట్టి కొలను మీద అల రేగదు. అల రేగితే అద్దం చెదురుతుంది, బురుజు ప్రతిబింబం పోతుంది. కట్టినవాళ్లు దీన్ని ఎంచి చేశారనడానికి ఆ పళ్లెం ఒక్కటే చాలు.

అయిదో ముహమ్మద్ రెండోసారి గద్దెనెక్కిన కాలంలో, 1362 తర్వాత కట్టించిన సింహాల ప్రాంగణంలో పద్ధతి వేరు. 124 స్తంభాల నడుమ పన్నెండు పాలరాతి సింహాలు, వాటి మీద పెద్ద తొట్టి. తొట్టిలోకి వచ్చే నీరు, సింహాల నోళ్ల గుండా పోయే నీరు సరిసమానంగా ఉండేలా కుదిర్చారు. అందుకే తొట్టి అంచుదాకా నిండి ఉంటుంది, పొర్లదు. ఆస్థాన కవి ఇబ్న్ జమ్రక్ రాసిన పద్యం ఆ తొట్టి అంచు చుట్టూ చెక్కి ఉంది. పక్క గదుల్లోని చిన్న ఊటల నుంచి నాలుగు సన్నని కాలువలు నేల మీదుగా మధ్యకు వస్తాయి. గదిలో కూర్చున్నవారి పాదాల దగ్గర మొదలైన నీరు ప్రాంగణం నడుమకు చేరుతుందన్నమాట.

ఇంత సున్నితమైన ఏర్పాటు చెడేది సున్నం వల్ల. కొండనీటిలోని సున్నం గొట్టాల్లో, రాతి మీద పేరుకుని పొరలు కడుతుంది. సింహాలను ఒక్కొక్కటిగా తీసి, ఆ పొరలు తొలగించి, నీటి దారులు సరిచేసే పని 2002లో మొదలై 2012లో పూర్తయింది. ప్రాంగణంలో తెల్ల పాలరాతి నేల కూడా అప్పుడే పరిచారు. అంతకుముందు వెళ్లినవాళ్ల ఫొటోల్లో కంకర నేల కనిపించడానికి కారణం అదే.

తోటల్లో పాతదెంత, కొత్తదెంత

హెనెరాలిఫే సుల్తానుల వేసవి విడిది. పండ్లతోటలు, కూరగాయల మళ్లు ఉన్న పొలం కూడా. నేటి సందర్శకులకు మొదట ఎదురయ్యే సైప్రస్ కంచెలు, కత్తిరించిన పచ్చని గోడలు, గులాబీ మళ్లు మాత్రం 1931, 1951 మధ్య వేసినవి. వాటిని నస్రిద్ కాలం తోట అనుకోవడం సర్వసాధారణమైన పొరపాటు. తోట బాగుంది, అయితే దాని వయసు వందేళ్ల లోపే.

అసలు పాత భాగం లోపలి కాలువ ప్రాంగణం. దాని పొడవునా రాజ కాలువే మధ్యగా పారుతుంది. కాలువ మీద రెండు వైపుల నుంచి కమానుల్లా వంగే నీటి ధారలు ఫొటోల్లో ఈ చోటికి గుర్తుగా మారిపోయాయి. అవి 19వ శతాబ్దంలో చేర్చినవి. సుల్తానుల కాలంలో ఇక్కడ వినిపించింది ఆ చిటపట కాదు, కాలువ నీరు జరిగే సన్నని సవ్వడి. 1958లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత తవ్వి చూస్తే పాత నడకదారులు బయటపడ్డాయి, పూలమళ్లు వాటికంటే దిగువన ఉన్నట్టు తేలింది. మళ్లు లోతున ఉంటే మొక్కల తలలు దారి మట్టానికి వస్తాయి. నడిచేవారికి పూలు తివాచీలా కనిపిస్తాయి, నీరు పెట్టడం కూడా తేలిక.

ఇంకా పైకి వెళ్తే నీటి మెట్లు వస్తాయి. లారెల్ చెట్ల గుబురు కింద మూడు వరుసల మెట్లు, నడుమ గుండ్రని చప్టాలు. రెండు పక్కలా పిట్టగోడల మీద వెల్లకిలా తిప్పిన పెంకుల్లాంటి కాలువల్లో నీరు దిగుతుంటుంది. వెనిస్ రాయబారి ఆంద్రెయా నవజేరో 1526లోనే దీన్ని వర్ణించాడు. ఎండాకాలం సాయంత్రం ఇక్కడ చల్లగా ఉండటానికి కారణం చెట్ల నీడతో పాటు, నీరు ఆవిరవుతూ గాలి నుంచి వేడిని లాక్కోవడం. గ్రనాడా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ ఉపాయం అక్కడ పనిచేస్తుంది. ఉక్కపోసే మచిలీపట్నంలోనో, కాకినాడలోనో ఇదే మెట్లు కడితే ఇంత చల్లదనం రాదు.

రాత్రి దీపాల్లో ఏం కనిపిస్తుంది, ఏం పోతుంది

నస్రిద్ గోడల అలంకరణ చాలావరకు జిప్సం గారపని. లోతు కొన్ని మిల్లీమీటర్లే. ఎదురుగా వెలుగు పడితే అది చదునుగా కనిపిస్తుంది, పక్క నుంచి పడితే ప్రతి ఆకూ, ప్రతి అక్షరమూ నీడతో లేస్తుంది. రాత్రి పూట కింది నుంచి పైకి వేసిన దీపాలు ఈ పని బాగా చేస్తాయి. "అల్లాహ్ తప్ప విజేత లేడు" అన్న నస్రిద్ నినాదం గోడ మీద ఎన్ని చోట్ల ఉందో రాత్రి తెలిసినంతగా పగలు తెలియదు.

గుమ్మటాల విషయంలో మాత్రం రాత్రి నష్టమే. అక్కచెల్లెళ్ల మందిరం పైకప్పు అయిదు వేలకు పైగా చిన్న గార ముక్కలు, అంటే ముకర్నాస్, ఒకదానికొకటి అతికి తేనెపట్టులా వేలాడేలా చేసింది. దాని కింద చుట్టూ కిటికీలున్నాయి. పగటి వెలుగు ఆ కిటికీల గుండా వచ్చి, సూర్యుడితో పాటు జరుగుతూ నీడలను మార్చడం దాని రూపకల్పనలో భాగం. రాత్రి కిటికీలు నల్లగా ఉంటాయి, నీడలు కదలవు. రాయబారుల మందిరంలో 8,017 చెక్క ముక్కలతో చేసిన పైకప్పుదీ అదే కథ. 18 మీటర్ల ఎత్తున ఉన్న ఆ నక్షత్రాలు రాత్రి సరిగా ఆనవు. ఒక్కసారే వెళ్లగలిగినవాళ్లు పగటి టికెట్ తీసుకోవడమే సరైన నిర్ణయం. రాత్రి సందర్శన రెండోసారి చూసేవారికి.

గారపని మీద అక్కడక్కడా ఊదారంగు మరకలు కనిపిస్తాయి. అవి పాత రంగు కాదు. తగరం మీద అతికించిన బంగారు రేకు తేమకు, లవణాలకు తినేసి, అతి సూక్ష్మ రేణువులుగా మారి ఆ రంగు తేలిందని 2022లో వెలువడిన గ్రనాడా విశ్వవిద్యాలయం పరిశోధన వివరించింది. గోడలను ముట్టుకోనివ్వకపోవడానికి, మందిని లెక్కపెట్టి వదలడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి.

టికెట్ దగ్గర జరిగే పొరపాట్లు

నస్రిద్ ప్రాసాదాల్లోకి అరగంటకు 300 మందినే పంపుతారు. టికెట్ మీద ముద్రించిన వేళ దాటితే లోపలికి రానివ్వరు. హెనెరాలిఫే వైపు ప్రధాన ద్వారం నుంచి ప్రాసాదాల గుమ్మం దాకా నడకే పావుగంట. వరుసలో నిలబడే సమయం అదనం. 5 గంటల స్లాట్ ఉంటే 4:15కి కోట ఆవరణలో ఉండాలి. న్యాయ ద్వారం వైపు నుంచి వస్తే ప్రాసాదాలు దగ్గర. 1348లో మొదటి యూసుఫ్ కాలంలో కట్టిన ఆ ద్వారాన్ని చూసినట్టూ ఉంటుంది.

పేరు విషయంలో తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. టికెట్ వ్యక్తి పేరు మీద ఇస్తారు, గుమ్మం దగ్గర పాస్‌పోర్టు చూస్తారు. ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాసే అలవాటుతో బుక్ చేసి, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే అక్కడ వివరణ ఇచ్చుకోవలసి వస్తుంది. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే, అదే వరుసలో టైపు చేయాలి. జిరాక్సు కాకుండా అసలు పాస్‌పోర్టే వెంట ఉంచుకోవాలి.

"తోటలు, హెనెరాలిఫే, ఆల్కసాబా" అని ఉండే టికెట్‌లో నస్రిద్ ప్రాసాదాలు ఉండవు. పూర్తి టికెట్లు అయిపోయాక సైట్‌లో ఇవే మిగిలి కనిపిస్తాయి. చూడకుండా కొని, సింహాల ప్రాంగణం గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగేవాళ్లున్నారు. అలాగే ప్రాసాదాల రాత్రి టికెట్‌తో హెనెరాలిఫే తోటల్లోకి వెళ్లలేరు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పూర్తి టికెట్లు వారాల ముందే అయిపోతాయి కాబట్టి, విమానం టికెట్ కంటే ముందు ఇది చూసుకోవడం తెలివైన పని.

నేల గురించి ఒక మాట. తోట దారుల్లో దారో నది తెల్ల గులకరాళ్లు, హెనిల్ నది నల్ల గులకరాళ్లు నిలువుగా పొదిగి ముగ్గుల్లాంటి నమూనాలు వేశారు. వందల ఏళ్ల పద్ధతి అది. అరిగి నునుపెక్కిన ఆ రాళ్లు తడిస్తే జారతాయి. నున్నటి అడుగున్న చెప్పులతో రాత్రి పూట నడవడం ప్రమాదం. జులైలో కూడా రాత్రి ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు దిగుతుంది, జనవరిలో సున్నాకు దగ్గరవుతుంది. ట్రైపాడ్, ఫ్లాష్ వాడనివ్వరు.

అక్టోబరు మొదట్లో పగటి టికెట్‌తో వెళ్లేవారికి పనికొచ్చే వరుస ఇది. 3 గంటలకు ఆల్కసాబా, 4:30 లేదా 5కు నస్రిద్ ప్రాసాదాలు. అక్కడ గంటన్నర పడుతుంది. బయటికి రాగానే వచ్చే పార్తల్ కొలను, తోట చూసుకుని, బురుజుల వెంబడి దారిన 7 గంటలకల్లా హెనెరాలిఫే చేరితే సూర్యాస్తమయానికి ముందు నీటి మెట్లు కూడా చూడవచ్చు. వరుస తిప్పి హెనెరాలిఫే ముందు చూసేస్తే, పొద్దు వాలే వేళకు నడివీధిలో ఉంటారు.

టికెట్ దొరకనివారికి

కోటలో కొంత భాగానికి టికెట్ అక్కర్లేదు. నగరం నుంచి గోమేరెస్ వీధి ఎక్కి, దానిమ్మల ద్వారం దాటితే గుట్ట వాలున చెట్ల తోపు వస్తుంది. దారి పక్కనే పిల్లకాలువల్లో నీరు పారుతుంటుంది. ఎక్కడానికి 20 నిమిషాలు. న్యాయ ద్వారం గుండా లోపలికి వెళ్తే స్పెయిన్ రాజు అయిదో చార్లెస్ కోసం 1527లో మొదలుపెట్టిన ప్రాసాదం, దాని గుండ్రని ప్రాంగణం చూడవచ్చు. 1492 జనవరి 2న చివరి సుల్తాన్ కోటను అప్పగించిన తర్వాత స్పెయిన్ రాజులు తమ ముద్ర వేసింది ఇక్కడే. నస్రిద్ ప్రాసాదాలకు ఆనుకుని ఉన్న ఈ బరువైన రాతి కట్టడాన్ని చూస్తే, పక్కనున్న గార, చెక్క, నీటి కట్టడాలు ఎంత వేరైన ఆలోచనతో పుట్టాయో తెలుస్తుంది. నడక ఓపిక లేనివారికి ఇసాబెల్ లా కతోలికా కూడలి నుంచి సీ30 మినీబస్సు ఉంది. వేసవిలో ఈ భాగం చూసి 8:30కల్లా దిగి, లోయ దాటి సాన్ నికొలాస్ మెట్ట ఎక్కితే, సూర్యాస్తమయానికి ఇంకా సమయం మిగులుతుంది. మెట్ట మీద పిట్టగోడ దగ్గర జాగా కావాలంటే మాత్రం గంట ముందే చేరాలి.